ఒకటిన్నర చుట్టు

రెండు గొట్టాలను కలిపేచోట మౌలాలి బిగించిన కప్లింగు మూడోసారి పగిలింది.

ముందురోజు సాయంత్రం అతడు దాన్ని పొడిబట్టతో తుడిచి, కింద అరచేయి పట్టి, నూరు లెక్కపెట్టేదాకా కదలకుండా కూర్చున్నాడు. ఒక్క చుక్క రాలలేదు. తెల్లవారి వచ్చి చూసేసరికి గట్టు తడిసి ఉంది. కప్లింగు మీద, అంచు నుంచి నడుము వరకు, వెంట్రుకంత సన్నని గీత నిలువునా పడి ఉంది. ఆ గీతలోంచి నీరు చెమటలా ఊరుతోంది.

ఆ గుట్ట మీది దర్గాలో నీళ్ల బాధ్యత మౌలాలిది. పైనున్న తొట్టి నుంచి ఒక ఇనుప గొట్టం బండల మీదుగా దిగివస్తుంది. నమాజుకు ముందు చేతులూ ముఖమూ కాళ్లూ కడుక్కొనే గట్టు దగ్గర అది ఆరు కుళాయిలుగా చీలుతుంది. ముప్పై ఏళ్లు ఆ గొట్టాన్ని చూసుకొన్నవాడు పెద్ద ఉసేనయ్య. మొన్నటి వేసవిలో ఆయన కన్నుమూశాడు. అంతకు ముందు నలభై రోజులు మౌలాలిని పక్కన కూర్చోబెట్టుకొని, మరలకు జనపనార ఎలా చుట్టాలో, పానా ఎక్కడ పట్టి తిప్పాలో చూపించాడు. ఆఖరిరోజున ఆ పానాను అతని చేతిలో పెట్టాడు. ఏదో చెప్పబోయాడు గాని మాట రాలేదు.

ఉసేనయ్య ఎరిగినది ఇనుము ఒక్కటే. ఆయన పోయిన నెలకు గొట్టం కింది భాగం తుప్పుపట్టి రాలిపోయింది. పట్నం నుంచి వచ్చిన భక్తుడొకడు ప్లాస్టిక్ గొట్టాలు, కప్లింగులు, జనపనారకు బదులు మరలకు చుట్టే తెల్లటి టేపు తెచ్చి ఇచ్చాడు. పాత ఇనుప గొట్టపు మరలు కొత్త ప్లాస్టిక్ కప్లింగు లోపలి మరల్లోకి ఎక్కే చోటు ఒకటే. నీళ్లన్నీ ఆ ఒక్క చోటు దాటి రావాలి. అక్కడే మూడుసార్లు పగిలింది.

ఇంకో పదిహేను రోజుల్లో ఉరుసు. వేలమంది గుట్ట ఎక్కుతారు.

కప్లింగు తనంతట తాను పగలదు. ఆ సంగతి మౌలాలికి రెండోసారే తోచింది. మూడోసారి అతనికి ఒక పేరు కూడా తోచింది.

లాలప్ప దర్గాకు వచ్చి రెండు నెలలైంది. వచ్చిన రోజునే పీఠాధిపతి పక్కీరప్ప తాత ముందు, శిష్యులందరూ వింటూండగా, తన సంగతి తానే చెప్పుకొన్నాడు. ఒక బడిలో పదకొండు ఇత్తడి కుళాయిలు విప్పుకొనిపోయి అమ్ముకొన్నాడు. ఎనిమిది నెలలు జైలులో ఉన్నాడు. తిరిగివస్తే సొంత అన్న గడప ఎక్కనివ్వలేదు. ఇదంతా చెప్పి, తల వంచుకొని నిలబడ్డాడు.

తాత అడిగింది ఒకటే.

"చీపురు పట్టేది వస్తాదా?"

"వస్తాది తాతా."

"అయితే రేపు పొద్దున గట్టు ఊడ్చు."

ఆ రోజు నుంచి కుళాయిల గట్టు దగ్గరికి అందరికన్నా ముందు వచ్చేవాడు లాలప్పే.

మౌలాలి కాపు కాయడం మొదలుపెట్టాడు. ఉసేనయ్య బతికినన్నాళ్లూ పానా కుళాయిల పక్కన గోడకున్న మేకుకు వేలాడుతూ ఉండేది. మౌలాలి దాన్ని తీసుకొనిపోయి తన తలగడ కింద పెట్టుకొన్నాడు. తొట్టి దగ్గరి వాల్వును ఇంకెవరూ తిప్పకూడదని చెప్పాడు. నాలుగో కప్లింగు బిగించిన సాయంత్రం, వంటింటి నుంచి జల్లెడపట్టిన బూడిద తెచ్చి, గొట్టం చుట్టూ పలచగా చల్లాడు. ఎవరు అడుగుపెట్టినా గుర్తు పడాలి.

పొద్దున బూడిద చల్లినట్టే ఉంది. కాకి కాలు కూడా పడలేదు. కప్లింగు పగిలి ఉంది.

మౌలాలి ఆ బూడిదను చాలాసేపు చూశాడు. మరీ శుభ్రంగా ఉందనిపించింది. ఊడ్చేవాడికి బూడిద ఊడ్చి మళ్లీ చల్లడం ఎంత పని? అక్కడ అడుగుజాడ కనిపించి ఉంటే అతడు ఇంతగా అనుమానించి ఉండేవాడు కాడు.

వంటపని చూసే బీబమ్మ బిందె పట్టుకొని వచ్చి, గట్టు మీది బూడిదను చూసి, ముక్కున వేలు వేసుకొంది.

"ఏం మౌలాలీ, అంట్లు ఈడ తోముతాండావా ఇప్పుడు?"

"దొంగ కోసరం చల్లినా అక్కా."

"పట్టుకున్యావా మరి?"

"పడతాడు."

"నీ గొట్టం రోజూ ఏడుస్తానే ఉండాది. దొంగకేం గాని, ముందు దాని ఏడుపేందో కనుక్కో." ఆమె బిందె నింపుకొని పోయింది.

లాలప్ప చీపురుతో గట్టు చివర నిలబడి ఉన్నాడు. పగిలిన కప్లింగు వైపు చూస్తున్నాడు.

"ఏం చూస్తాండావు?" అన్నాడు మౌలాలి.

"మళ్లా పోయింది కదన్నా."

"పోయింది. ఎట్ల పోయిందో నీకేమన్నా తెల్సా?"

లాలప్ప చీపురును ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకొన్నాడు. "ఏమో అన్నా. నువ్వు బిగించింది ఇప్పేది మాత్రం నా వల్ల కాదు. బడి కుళాయిలు చేత్తోనే వచ్చినాయి. నీది రాదు."

"ఇప్పి చూసినావా?"

"ఇప్పలేదన్నా. చూసినా. రోజూ దాని పక్కనే కదా ముఖం కడిగేది. లోపల మరలు ఒక్కటి గూడా కనపడకుండా ఎక్కించినావు. దాని మొహం చూస్తేనే ఊపిరాడనట్టుంటాది."

మౌలాలికి ఆ మాటల్లో ఎగతాళి వినిపించింది. చూశానని వాడే ఒప్పుకొన్నాడు. విప్పడం రాదన్నాడంటే విప్పడం గురించి ఆలోచించాడన్న మాట. పగిలిన ముక్కను బట్టలో చుట్టుకొని తాత దగ్గరికి బయలుదేరాడు.

పక్కీరప్ప తాత వరండాలో బొంత కుడుతున్నాడు. ఆయన పూర్వులు దూది ఏకినవాళ్లు. గురుత్వం వచ్చినా ఆయన చేతికి సూది మానలేదు. మౌలాలి ఎదురుగా కూర్చొని బట్ట విప్పి ముక్కను పెట్టాడు.

"ఇది నాలుగోది తాతా."

తాత సూదిని బొంతకు గుచ్చి, ముక్కను చేతిలోకి తీసుకొన్నాడు. గీత పొడవునా గోరు నడిపాడు.

"లాలప్పను పంపించేయండి," అన్నాడు మౌలాలి.

"వాడు పగలగొట్టినాడా?"

"ఇంకెవరు పగలగొడతారు? బిగించినప్పుడు ఒక్క చుక్క కారదు. తెల్లారేసరికి పగిలి ఉంటాది. వాని చేతికి ఆ పని తెలుసు. ఉరుసు నాడు జనం ఎదురుగ్గా పగిలితే ఉసేనయ్య మామ పరువు ఏం కావాల?"

ఉసేనయ్య పేరు పలికినప్పుడు అతని గొంతు కాస్త మారింది. తాత అది విన్నాడు. ముక్కను తిప్పి లోపలి మరలు చూశాడు.

"టేపు ఎన్ని చుట్లు చుడతావు?"

"పన్నెండు."

"చేత్తో ఎంతవరకు తిప్పుతావు?"

"చేత్తో తిప్పితే ఏం నిలుస్తాది తాతా? మొదటి నుంచి పానానే."

"పానాతో ఎంతవరకు?"

"ఇంక తిరగనంతవరకు." మౌలాలి ఆ మాట కొంత గర్వంగానే అన్నాడు. అతడు ఆదోనిలో పరుపులు కుట్టే ఇంట పుట్టాడు. మోకాలితో తొక్కి తొక్కి దూది కూరితేనే పరుపు పదేళ్లు నిలుస్తుందని చిన్నప్పటి నుంచి విన్నాడు. వదులుగా వదిలిన పనిని చూస్తే అతనికి సిగ్గుగా ఉండేది.

"లాలప్ప ఈ గుట్ట దిగితే యాడికి పోతాడో తెల్సా?" అని తాత అడిగాడు.

వాడికి పోవడానికి ఇంకో చోటు లేదని మౌలాలికి తెలుసు. అందరికీ తెలుసు.

"సరే. నీళ్లు నీ పని. నువ్వు పొమ్మంటే నేను పొమ్మంటా. ఈ రోజు శనివారం. గురువారం మాపటికి చెప్పు. అంతలో నాకొక జాయింటు చేసి చూపించు."

మౌలాలి ఒక పొట్టి ఇనుప గొట్టం, కొత్త కప్లింగు తెచ్చాడు. తాత కళ్లముందే గొట్టపు మరలకు పన్నెండు చుట్లు తెల్లటి టేపు చుట్టాడు. కప్లింగును ఎక్కించి, గొట్టాన్ని కాలితో తొక్కిపట్టి, పానాతో తిప్పాడు. కప్లింగు కిర్రుమంది. ఇంకో పావు చుట్టు తిప్పాడు. నుదుటి మీది చెమట తుడుచుకొని దాన్ని తాత చేతికి ఇచ్చాడు.

తాత లేచి లోపలికి నడిచాడు. సమాధి మీద కప్పే పచ్చని చాదర్లు దాచే ఇనుపపెట్టె తెరిచి, రెండు చాదర్ల నడుమ ఆ జాయింటును పడుకోబెట్టాడు. మూత దించి తాళం వేశాడు. తాళంచెవికి నూలుదారం గుచ్చి, మౌలాలి మెడలో వేశాడు.

"దీని దగ్గరికి లాలప్ప రాలేడు కదా?"

"రాలేడు."

"సోమవారం తీసి చూడు."

ఆదివారమంతా మౌలాలి ఆ గది గడపలోనే కూర్చొన్నాడు. లాలప్ప చీపురుతో అటువైపు వచ్చి, అతన్ని చూసి, ఊడ్వకుండానే వెనక్కి పోయాడు. వాడు వెనక్కి పోవడం కూడా మౌలాలి గుర్తుపెట్టుకొన్నాడు.

సోమవారం ఉదయం తాళం తీశాడు. పచ్చని చాదర్ల నడుమ జాయింటు పెట్టినచోటే ఉంది. చుక్క నీరు తగలని కప్లింగు మీద నిలువునా గీత.

మౌలాలి దాన్ని చేతిలో పట్టుకొని నిలబడ్డాడు. మొదట పెట్టె బందులను పరీక్షించాడు. ఒక బందు మేకు వదులుగా ఉన్నట్టు తోచింది. కిటికీ ఊచలను లెక్కపెట్టాడు. తర్వాత, తనకే నచ్చని ఒక ఆలోచన వచ్చింది. దాన్ని తోసిపుచ్చలేకపోయాడు.

వరండాలో బీబమ్మ తాతకు టీ ఇస్తోంది. మౌలాలి గడప దగ్గరే నిలబడి అడిగాడు.

"తాతా, ఆ పెట్టెకు ఇంకో తాళంచెవి ఉందా?"

బీబమ్మ చేతిలోని గ్లాసు ఆగిపోయింది. "ఏం మాట్లాడ్తాండావు రా? లాలప్ప అయిపోయినాడు, ఇప్పుడు తాత వంతా? రేపు నన్ను గూడా సోదా చేస్తావులే. ఒళ్లో చూసుకో, కప్లింగులు దాచినానేమో."

"ఉండనీ బీబమ్మా," అన్నాడు తాత. "అడగనీ. అడగాలనిపించి అడగకుండా పోతే అది లోపలే ఉండిపోతాది." మౌలాలి వైపు తిరిగాడు. "ఒకటే చెవి. కానీ నువ్వు నమ్మాల్సిన పని లేదు. ఇంకోటి చెయ్యి."

మౌలాలి ఇంకో జాయింటు చేశాడు. ఈసారి ఇంకా జాగ్రత్తగా, ఇంకా గట్టిగా చేశాడు. తాత బొంతలోంచి ఒక గుడ్డముక్క కత్తిరించి, నాలుగు కుట్లతో సంచిగా కుట్టి, జాయింటును అందులో వేసి మూతి కుట్టేశాడు.

"రొండిన కట్టుకో. నిద్రపోయినప్పుడు గూడా తీయొద్దు. దీనికి తాళంచెవి లేదు."

మౌలాలి దాన్ని నడుముకు కట్టుకొన్నాడు.

అతడు పోబోతూంటే తాత ఇంకో కప్లింగును, ఇంకో పొట్టి గొట్టాన్ని అడిగి తీసుకొన్నాడు. మరలు తిరిగే దిక్కునే టేపును నాలుగు చుట్లు చుట్టాడు. కప్లింగును చేత్తో ఎక్కించాడు. చేయి తనంతట తాను ఆగిన చోట ఆగాడు. అప్పుడు పానా పెట్టి ఒక చుట్టు తిప్పాడు. మళ్లీ అర చుట్టు. పానాను కింద పెట్టాడు.

"అంతేనా?" అన్నాడు మౌలాలి. లోపలికి ఎక్కని మరలు ఇంకా రెండుమూడు బయటికి కనిపిస్తూనే ఉన్నాయి.

తాత ఆ జాయింటును వరండా అరుగు మీద, వచ్చేపోయేవాళ్ల చేతికి అందేచోట పెట్టాడు. సూది తీసుకొని మళ్లీ బొంత ముందు కూర్చొన్నాడు.

మంగళవారం, బుధవారం గడిచాయి. అరుగు మీది జాయింటును ఎవరెవరో తీసి చూశారు. ఒక పిల్లవాడు దానిలోంచి ఆకాశాన్ని చూశాడు. బీబమ్మ ఎండబెట్టిన మిరపకాయల గుడ్డ ఎగిరిపోకుండా బరువుగా పెట్టింది. లాలప్ప కూడా ఒకసారి దాన్ని చేతిలోకి తీసుకొని, తిప్పి చూసి, మౌలాలి తనను చూస్తున్నాడని గ్రహించి, పెట్టినచోటే పెట్టాడు.

గట్టు దగ్గర కుళాయిలు ఎండి ఉన్నాయి. లాలప్ప బిందెలతో గుట్ట మీది తొట్టి నుంచి నీళ్లు మోసి, గట్టు మీది కాగు నింపుతున్నాడు. ఆ పని చేయమని అతనికి ఎవరూ చెప్పలేదు. మౌలాలి అది చూశాడు. తప్పు చేసినవాడే ఇంత శ్రమపడతాడని అనుకొన్నాడు. అనుకొన్న తర్వాత, రొండిన ఉన్న సంచిని తడిమి చూసుకొన్నాడు. గట్టిగా, నిండుగా తగిలింది. ఇది పగలలేదు. పగలదు. దీన్ని ముట్టుకొనేవాడు ఎవడూ లేడు కాబట్టి.

గురువారం మధ్యాహ్నం ఫాతెహా ప్రార్థన ముగిసింది. గుట్ట ఎక్కివచ్చినవాళ్లకు అన్నమూ దాల్చా పంచుతున్నారు. గురువారం వడ్డన మౌలాలిది. వరుస పొడవుగా ఉంది. ఎండకు బండలు కాలుతున్నాయి. ఒక్కొక్కరూ పళ్లెం చాపడం, అతడు గరిటెతో వడ్డించడం, వాళ్లు పక్కకు జరగడం. సాయంత్రం తాతకు ఏం చెప్పాలో అతడు మనసులో సిద్ధం చేసుకొంటున్నాడు. నాలుగు మాటలు చాలు.

వరుసలో చివరివాడు లాలప్ప. పొద్దుటి నుంచి మోసిన నీళ్లకు చొక్కా భుజం తడిసి, ఒంటికి అంటుకొని ఉంది. పళ్లేన్ని రెండు చేతులతో పట్టుకొని ముందుకు చాచాడు.

మౌలాలి గరిటె నింపాడు.

టక్.

ఎండుకొమ్మ విరిగినంత చిన్న చప్పుడు. బయటి నుంచి రాలేదు. చప్పుడు కన్నా ముందే, పక్కటెముకల కింద, రొండిన సంచి ఉన్నచోట, చిటికెన వేలితో కొట్టినట్టు అతనికి తగిలింది.

గరిటె గాలిలో ఆగింది.

లాలప్ప చప్పున ఒక అడుగు వెనక్కి వేశాడు. ఆ చప్పుడు ఏమిటో, ఎక్కడిదో అతనికి తెలియదు. పళ్లెం మాత్రం రెండు చేతుల్లోనే ఉంది. దాన్ని ఇంకొంచెం పైకెత్తి, చేతులు కనిపించేలా పట్టుకొన్నాడు.

"నేనేం ముట్టలేదన్నా," అన్నాడు.

మౌలాలి అతని చేతులను చూశాడు. బిందె అంచు ఒరుసుకొని రెండు అరచేతుల మొదళ్లూ ఎర్రగా కమిలి ఉన్నాయి. గరిటెలోని దాల్చా సన్నగా జారి కింద బండ మీద పడుతోంది.

"తెల్సు," అన్నాడు మౌలాలి.

గాలిలో ఆగిన గరిటెను దించి అతడు వడ్డించాడు. పళ్లెం నిండినా ఇంకో గరిటె వడ్డించాడు.

"సాలన్నా, సాలు. కారిపోతాది," అన్నాడు లాలప్ప.

సాయంత్రం మౌలాలి వరండాలో కూర్చొన్నాడు. తాత బొంత కుట్టడం అయిపోవచ్చింది. ఆఖరి వరుస కుట్లు వేస్తున్నాడు.

"గురువారం వచ్చింది," అన్నాడు తాత తల ఎత్తకుండా.

మౌలాలి నడుముకున్న సంచిని విప్పి ఆయన ముందు పెట్టాడు. తాత దాన్ని తెరవలేదు. గుడ్డ మీదుగా వేలితో కూడా తడమలేదు. కుట్టు కుట్టుకూ నడుమ దారం ఎంత లాగాలో అంతే లాగుతూ, వరుస పూర్తిచేశాడు.

"ఉసేనయ్య నీకు పానా ఇచ్చిన రోజు ఏదో చెప్పబోయినాడు," అన్నాడు కొంతసేపటికి.

"చెప్పలేకపోయినాడు తాతా."

"ఏం చెప్పుంటాడనుకుంటావు?"

"కారనీయొద్దు అనుంటాడు. నేను అట్లనే అనుకున్నా. ఇన్నాళ్లూ."

తాత దారం కొసను పళ్లతో తెంచాడు.

మౌలాలి లేచి అరుగు దగ్గరికి వెళ్లాడు. మిరపకాయల గుడ్డ మీది జాయింటును తీసి, సందెవెలుగులోకి ఎత్తి చూశాడు. నాలుగు రోజులుగా పదిమంది చేతుల్లో తిరిగింది. ఎండలో ఉంది. మిరపగింజ ఒకటి దాని మరల్లో ఇరుక్కొని ఉంది. గీత మాత్రం ఎక్కడా లేదు.

దాన్ని పెట్టినచోటే పెట్టి, కొత్త కప్లింగు ఒకటి తీసుకొని కుళాయిల గట్టుకు నడిచాడు. లాలప్ప అక్కడ కాగు కడుగుతున్నాడు. మౌలాలి ఇనుప గొట్టం మరల్లో ఉన్న పాత టేపు పీలికలన్నీ గోటితో తీశాడు. బట్టతో తుడిచాడు. కొత్త టేపు నాలుగు చుట్లు చుట్టాడు. ఐదోదానికి చేయి దానంతట అదే పోబోయింది. తెంచేశాడు.

కప్లింగును చేత్తో తిప్పాడు. ఒకచోట చేయి ఆగింది. అక్కడ అతడూ ఆగాడు. పానా పెట్టాడు. ఒక చుట్టు. అర చుట్టు.

రెండు మరలు బయటికి కనిపిస్తున్నాయి. అతని భుజం ఇంకా పానా మీదికే వాలుతోంది.

లాలప్ప కాగు పక్కన పెట్టి, తల వంచి ఆ జాయింటును చూశాడు. "ఇంగ రొంత బిగించన్నా," అన్నాడు. "రేపు కారితే మళ్లా నన్నే అంటావు."

మౌలాలి అతని వైపు చూశాడు. లాలప్ప నవ్వడం లేదు. నిజంగానే అడుగుతున్నాడు.

మౌలాలి పానాను వదులు చేసి తీశాడు. దాని పళ్లలో చిక్కుకొన్న టేపు పోగును ఊడదీశాడు. లేచి, కుళాయిల పక్కన గోడకున్న మేకుకు, ఉసేనయ్య వేలాడదీసేచోట, దాన్ని తగిలించాడు. ఆ మేకు మీద అప్పటికే సన్నగా దుమ్ము పట్టి ఉంది.

"పైకి పోయి వాల్వు తిప్పు," అన్నాడు.

"నేనా?"

"నువ్వే. మెల్లగా తిప్పు."

లాలప్ప చేతులు తుడుచుకొని, ఒకసారి వెనక్కి తిరిగి చూసి, బండల మీదుగా పైకి ఎక్కిపోయాడు. తాత కర్ర పట్టుకొని వచ్చి గట్టు అంచున నిలబడ్డాడు. ఆయన ఆ జాయింటును చూడలేదు. మేకుకు వేలాడుతున్న పానాను చూశాడు.

గొట్టంలో నీరు కదిలిన చప్పుడు పైనుంచి దిగివచ్చింది. ఇనుము దాటింది. కప్లింగు దాటింది. మొదటి కుళాయి రెండుసార్లు దగ్గి, ధారగా పారింది.

మౌలాలి ఎప్పుడూ ఆ క్షణంలో జాయింటు కింద అరచేయి పట్టేవాడు. ఈసారి అతని చేయి సగం దాకా పోయింది. అక్కడి నుంచి తిరిగి, కుళాయి కిందికి వచ్చింది.

"నమాజుకు వేళయింది," అన్నాడు తాత. "ముఖం కడుక్కో."

మౌలాలి రెండు చేతులా నీళ్లు పట్టి, ముఖానికి తెచ్చుకొని, చాలాసేపు అలాగే కూర్చొన్నాడు.